తిమోర్ లెస్తేలో ఒక్కదాన్నే

గురువారం, దిలీ

బాలి విమానాశ్రయంలో ఇసుక వేస్తే రాలనంత జనం. అక్కడి నుంచి రెండు గంటల్లోపే తిమోర్ లెస్తే రాజధాని దిలీ. విమానం మెట్లు దిగి నడుచుకుంటూ చిన్న హాల్లోకి వెళ్తే వరసలో పట్టుమని పాతికమంది కూడా లేరు. మన పాస్‌పోర్ట్‌కు ఇక్కడికొచ్చాక వీసా ఇస్తారు. ముప్పై రోజులకు 30 డాలర్లు, నోట్ల రూపంలో. కౌంటర్లో కూర్చున్నామె నా ఫారం చూసి, నా వెనక్కి తొంగిచూసి, "ఒక్కరేనా?" అని అడిగింది. అవునన్నాను. స్టాంపు కొట్టి పాస్‌పోర్ట్ చేతికిస్తూ, "కొండల్లోకి వెళ్లేట్టయితే స్వెటర్ ఉండాలి" అంది.

ఆ ప్రశ్న ఈ దేశంలో వెళ్లిన చోటల్లా ఎదురైంది. మన ఊళ్లో ఒంటరిగా తిరిగే ఆడదాన్ని ఆ మాట అడిగితే అందులో కొంత నిలదీత ఉంటుంది. ఇక్కడ దాని వెంటే ఇంకో మాట వచ్చేది: అయితే మాతో రా.

ప్రధానంగా తిమోర్ దీవి తూర్పు సగమే ఈ దేశం. ఆస్ట్రేలియాకు ఉత్తరాన, ఇండోనేసియా దీవుల చివర ఉంటుంది. పాత ఖమ్మం జిల్లా కంటే విస్తీర్ణం కాస్త తక్కువే. 2022 జనాభా లెక్కల్లో 13 లక్షల చిల్లర మంది. కొన్ని వందల ఏళ్లు పోర్చుగీసు పాలన, 1975 నవంబరు 28న స్వాతంత్ర్య ప్రకటన, తొమ్మిది రోజులకే ఇండోనేసియా సైన్యం దిగడం, తర్వాత 24 ఏళ్ల ఆక్రమణ. 1999 ఆగస్టు 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 78.5 శాతం మంది స్వాతంత్ర్యం కావాలని ఓటేశారు. 2002 మే 20న జెండా ఎగిరింది. అంటే నా తరం వాళ్లు ఈ దేశం కంటే పెద్దవాళ్లు.

నన్ను ఇటు లాగింది నేత. తాయిస్ అనే ఇక్కడి చేనేత వస్త్రాన్ని 2021లో యునెస్కో అత్యవసరంగా కాపాడుకోవలసిన సంపదల జాబితాలో చేర్చింది. ఫొటోలో చూడగానే ఇక్కత్ అని తెలిసిపోయింది. పోచంపల్లి చీరలు కట్టుకుని పెరిగినదాన్ని, అది నేసే చేతుల్ని చూడాలనిపించింది.

సాయంత్రం సముద్రపు ఒడ్డున నడిచాను. రోడ్డు పొడవునా పెద్ద పెద్ద మర్రిచెట్లు, వాటి కింద కొబ్బరిబోండాల బండ్లు, చేపలు కాల్చే పొయ్యిలు. ఆరున్నరకే చీకటి పడిపోయింది. ఒక బైక్ అతను పక్కనే నెమ్మదిగా నడుపుతూ ఏదో అంటున్నాడు. రోడ్డు దాటితే వాడూ దాటాడు. ఎదురుగా లైటు వెలుగుతున్న కిరాణా కొట్టు కనబడితే నేరుగా లోపలికి వెళ్లిపోయాను. కొట్టు నడిపే ఆవిడ నా మొహం చూసి, బయట ఆగిన బైక్ చూసి, ఏమీ అడక్కుండా ప్లాస్టిక్ కుర్చీ లాగి నాకు వేసింది. గుమ్మంలో నిలబడి వాడితో రెండే రెండు మాటలంది. వాడు వెళ్లిపోయాడు. ఆవిడ తన కూతుర్ని తోడిచ్చి గెస్ట్‌హౌస్ దాకా పంపించింది. దిలీలో చీకటి పడ్డాక ఆడవాళ్లు ఒంటరిగా ఒడ్డున నడవకూడదని అక్కడి వాళ్లే చెప్తారు. అక్కడి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. నాలుగు గంటలకల్లా బసకు చేరాలి, ఏ ఊళ్లో దిగినా ముందు ఆడవాళ్లు నడిపే కొట్టు ఒకటి చూసి పెట్టుకోవాలి.

శుక్రవారం, దిలీ

పొద్దున్నే మైక్రోలెట్ ఎక్కాను. రంగురంగుల చిన్న వ్యాన్లు, అద్దం మీద రూటు నంబరు, లోపల ఎదురుబొదురు బల్లలు, చెవులు చిల్లులు పడే పాటలు. దిగాలనుకుంటే పైన ఉన్న ఇనప కడ్డీ మీద నాణెంతో టకటకమని కొట్టాలి. అదే నాణెం దిగేటప్పుడు డ్రైవర్‌కు ఇచ్చేయాలి. నోట్లు అమెరికా డాలర్లే అయినా చిల్లర మాత్రం వీళ్ల సొంతం, సెంటావో నాణేలు.

దిలీకి తూర్పు చివర కొండకొమ్మున క్రిస్టో రేయి విగ్రహం ఉంది. దాదాపు ఆరు వందల మెట్లు. 27 మీటర్ల ఆ క్రీస్తు విగ్రహాన్ని 1996లో ఇండోనేసియా అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం కట్టించింది. తిమోర్‌ను తమ 27వ రాష్ట్రమని గుర్తుచేసే లెక్క అది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్ని కూలగొట్టలేదు. తెల్లవారుజామున జాగింగ్ బట్టల్లో ఆడపిల్లలు, జపమాలలతో ముసలమ్మలు అవే మెట్లు ఎక్కుతున్నారు. కట్టించినవాళ్ల ఉద్దేశం ఏదైతేనేం, ఇప్పుడది వీళ్లది.

అక్కడి నుంచి శాంతా క్రూజ్ శ్మశానానికి వెళ్లాను. 1991 నవంబరు 12న, అంతకు పక్షం రోజుల ముందు మొతాయెల్ చర్చి దగ్గర హతుడైన సెబాస్తియావ్ గోమెస్ అనే యువకుడి సమాధికి పూలు తీసుకుని వేలమంది ఊరేగింపుగా వచ్చారు. గోడల మధ్య చిక్కుకున్న ఆ జనం మీద ఇండోనేసియా సైనికులు కాల్పులు జరిపారు. రెండు వందల యాభై మందికి పైగా చనిపోయారని అంచనా. మాక్స్ స్టాల్ అనే బ్రిటిష్ విలేకరి సమాధుల చాటు నుంచి చిత్రీకరించాడు. పట్టుబడే ముందు టేపును అక్కడే ఓ సమాధిలో దాచి, రాత్రి వచ్చి తీసుకున్నాడు. ఆ టేపు బయటికి రాకపోతే ప్రపంచానికి తిమోర్ అనే పేరు కూడా తెలిసేది కాదేమో.

నేను వెళ్లేసరికి శ్మశానం సందడిగా ఉంది. సమాధులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయంటే కాలు పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. నీలం, తెలుపు టైల్స్, సిలువలు, ప్లాస్టిక్ పూలు. ఒక అమ్మమ్మ బకెట్లో నీళ్లు తెచ్చి గుడ్డతో ఒక సమాధి తుడుస్తోంది. నన్ను చూసి గుడ్డ పిండి ఇంకో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి తుడిచాం. రాతి మీద ఉన్న తేదీ 1991 కాదు, 1978. ఎవరని అడిగే భాష నాకు రాలేదు, ఆమె కూడా చెప్పలేదు. అయిపోయాక బుగ్గన తమలపాకు పెట్టుకుంటూ నాకూ ఒకటి ఇవ్వబోయింది. వక్క, ఆకు, సున్నం అన్నీ మనవే. ఇక్కడ ఆకుతో పాటు తమలపు కాయ కూడా నములుతారు, అదొక్కటే తేడా.

శనివారం, అటావురో

దిలీ నుంచి చూస్తే ఉత్తరాన సముద్రంలో నీలంగా కనిపించే దీవి అటావురో. శనివారం పెద్ద పడవ వెళ్తుంది, ఎందుకంటే శనివారమే బెలోయిలో సంత. పడవ నిండా సిమెంటు బస్తాలు, కోళ్లు, నూడుల్స్ పెట్టెలు, రెండు మేకలు. మధ్యలో సముద్రం మహా లోతు. ఆ లోతు వల్లే తిమింగలాలు ఒడ్డుకు దగ్గరగా వెళ్తాయట, కానీ వాటి కాలం అక్టోబరు, నవంబరు. నాకు డాల్ఫిన్లు కనిపించాయి. పడవలో అందరూ ఒక పక్కకి పరిగెత్తడం చూసి సిబ్బంది కేకలు పెట్టారు.

సంతలో ఒక పూట అలాగే గడిచిపోయింది. ఎండుచేపలు, మొక్కజొన్న పొత్తులు, అరటి, సముద్రపు నాచు, తాటాకు బుట్టలు. అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చింతపండు పట్టించి తాటాకులో చుట్టి కాల్చిన చేప ఒకటి కొన్నాను, పేరు సబోకో. ఆకు విప్పగానే వచ్చిన వాసన అచ్చం మా ఇంట్లో పులుసు కాగేటప్పటి వాసన. పక్కన చిన్న గిన్నెలో ఆయ్ మనాస్, అంటే వీళ్ల పచ్చిమిరప పచ్చడి. కారం తింటానో లేదో అని వాళ్లు అనుమానంగా చూస్తుంటే రెండో గిన్నె కూడా ఖాళీ చేశాను. ఆ తర్వాత ఆ వరసలో కూర్చున్న వాళ్లందరికీ నేను తెలిసినదాన్నైపోయాను. ఇండియా అని చెప్తే షారుఖ్ ఖాన్ అన్నారు. ఒక కుర్రాడు పాట కూడా పాడాడు.

ఆదివారం, అటావురో

ఊరంతా చర్చిలో ఉంది. నేనూ వెనక బల్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం స్నార్కెల్ కట్టుకుని ఒడ్డు నుంచే ఈదాను. 2016లో శాస్త్రవేత్తలు ఈ దీవి చుట్టూ సర్వే చేస్తే ఒక్కో చోట సగటున 253 రకాల చేపలు తేలాయి, ప్రపంచంలో మరెక్కడా ఆ సగటు రాలేదన్నారు. నీళ్లలో తల పెట్టాక ఆ అంకె గురించి అనుమానం రాలేదు. నడుం లోతు నుంచే పగడపు దిబ్బలు మొదలై, ఒక్కసారిగా అంచు తెగి నల్లటి లోతులోకి దిగిపోతాయి.

నీళ్లలోకి దిగే ముందు ఒడ్డున ఉన్నవాళ్లను అడగాలి. ఈ దేశంలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, ఏటా మనుషులు చనిపోతూనే ఉన్నారు. అయినా మొసలిని తాత అనే పిలుస్తారు. ఒక పిల్లవాడు ఎండలో చచ్చిపోతున్న మొసలిపిల్లను కాపాడితే, అది పెరిగి వాణ్ని వీపున ఎక్కించుకుని సముద్రాలు తిప్పి, చివరికి తానే ఈ దీవిగా మారిందని కథ. దీవి మ్యాప్ చూస్తే ఆ కథ నమ్మాలనిపిస్తుంది.

సోమవారం, అదారా

అటావురో పడమటి ఒడ్డున ఉన్న అదారాకు కొండ మీదుగా కాలినడక. బసలో ఉన్నావిడ "ఒక్కదానివే వద్దు" అని తన చెల్లెలి కూతురిని తోడు పంపింది. పదిహేడేళ్ల పిల్ల, కాళ్లకు హవాయి చెప్పులు. సున్నపురాళ్ల మధ్య ఆ చెప్పులతోనే గెంతుకుంటూ ఎక్కేసింది. నేను బూట్లేసుకుని వెనక. దారిలో మాకు ఎదురైన ఆడవాళ్లు నెత్తిన చేపల బుట్టలు పెట్టుకుని బెలోయి వైపు నడిచేవాళ్లు.

అదారా ఆడవాళ్లు సముద్రంలో మునిగి ఈటెతో చేపలు కొడతారు. మామూలుగా ఈటె వేట మగవాళ్ల పనిగా ఉండే చోట ఇది వింతే. నేను చూసిన పెద్దావిడకి అరవై దాటి ఉంటాయి. కళ్లజోడు చేతికిచ్చింది. చెక్కను కంటి గుంటకు సరిపోయేట్టు చెక్కి, గుండ్రంగా కోసిన అద్దం ముక్క బిగించి, చుట్టూ నల్లటి బంక పూశారు. వెనక సైకిల్ ట్యూబు పట్టీ. లోపలి అంచు ఏళ్ల తరబడి చెంపకు రాసుకుని అద్దంలా నునుపెక్కింది. నా మొహానికి పెట్టి చూపించింది, నీళ్లు కారిపోతాయని తల ఊపింది. ఎవరి మొహానికి వాళ్లదే చెక్కుకోవాలి. తర్వాత ఆమె ఈటె పట్టుకుని దిగింది. పైకి తేలడం, ఊపిరి, మళ్లీ కాళ్లు పైకి లేచి మునగడం. ఎంతసేపు లోపల ఉందో అని నేను ఊపిరి బిగపట్టి చూస్తే ప్రతిసారీ నా ఊపిరే ముందు అయిపోయింది. గంట తర్వాత నడుముకు కట్టిన తీగకి ఏడెనిమిది చేపలతో నడిచి వచ్చింది.

ఊరి ముందు కొంత సముద్రంలో వేట నిషేధం. తారా బందు అంటారు. ఊరి పెద్దలు పూజ చేసి, ఆకులు కట్టి, ఇక్కడ ముట్టుకోకూడదని ప్రకటిస్తే అదే చట్టం. ఈదడానికి వచ్చే మాలాంటి వాళ్ల దగ్గర కొంత రుసుం తీసుకుని ఊరి ఖర్చుకు వాడతారు. ఇండోనేసియా పాలనలో తిమోర్ గెరిల్లాల కుటుంబాలను వేల సంఖ్యలో తెచ్చి పడేసిన దీవి కూడా ఇదే. తిండి లేక చాలామంది ఇక్కడే పోయారు. పెద్దావిడ ఆ మాట చెప్తూ కొండ అవతలి వైపు చేయి చూపించింది, మళ్లీ చేపల పొలుసు తీసే పనిలో పడిపోయింది.

బుధవారం, మౌబిస్సే

మంగళవారం చిన్న పడవలో దిలీకి తిరిగొచ్చి బట్టలు ఉతుక్కున్నాను. ఈ రోజు తెల్లవారకముందే తైబెసి మార్కెట్ దగ్గర మౌబిస్సే బస్సు ఎక్కాను. బస్సు నిండేదాకా కదలదు. నన్ను డ్రైవర్ పక్క సీట్లో, ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టారు. బ్యాక్‌ప్యాక్ ఎవరి ఒళ్లో ఉందో కూడా తెలీదు, కానీ దిగేటప్పుడు ఉన్నది ఉన్నట్టే చేతికొచ్చింది.

ఊరు దాటగానే రోడ్డు పైకి మెలికలు తిరుగుతుంది. వేడి తగ్గి, మబ్బు కిందికి దిగి, కిటికీలు మూసేశారు. ఐలేవు దాటాక రోడ్డు పక్కన టార్పాలిన్ల మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. పెద్ద నీడచెట్ల కింద, కలుపు మొక్కల్లో కలిసిపోయి, కాఫీ చెట్లు మనిషి ఎత్తు దాటి పెరిగాయి. ఎరువూ లేదు, కొమ్మలు కొట్టడమూ లేదు.

ఈ కాఫీకి ఒక చరిత్ర ఉంది. అరబికా, రోబస్టా మామూలుగా కలవవు. గత శతాబ్దం మొదట్లో తిమోర్ తోటల్లో ఆ రెండూ వాటంతటవే కలిసి ఒక సంకర రకం పుట్టింది. దానికి ఆకు తుప్పు తెగులును తట్టుకునే శక్తి ఉంది. కాఫీ పరిశోధకులు ఆ చెట్టునుంచి ఎన్నో రకాలు తయారుచేశారు. మన దేశంలో కావేరి, చంద్రగిరి పేర్లతో వేసే అరబికా రకాలకు కూడా ఈ తిమోర్ సంకరమే పూర్వీకురాలు. అరకులో కాఫీ తాగేవాళ్లలో ఎంతమందికి ఈ దీవి పేరు తెలుసు? తెలియాలనే ఈ పేరా రాశాను.

మౌబిస్సేలో బస దొరికిన ఇంటివాళ్లు గింజల్ని పెనం మీద నల్లగా వేయించి, రోట్లో దంచి, చక్కెరతో మరిగించి ఇచ్చారు. రాత్రికి బతార్ దాన్, అంటే మొక్కజొన్న, పెసలు, గుమ్మడి కలిపి ఉడికించింది. చలికి పొయ్యి చుట్టూ కూర్చుని తిన్నాం. ఇంటి పెద్దావిడ నన్ను పిల్లలెంతమంది అని అడిగింది. పెళ్లి కాలేదంటే ఒక్క క్షణం ఆగి, తన ఎనిమిదిమందిలో ఒకణ్ని చూపించి, "వీణ్ని తీసుకెళ్లు" అంది. ఆ వీడికి తొమ్మిదేళ్లు. పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు.

గురువారం, హతుబుయిలికో

రామెలావు కొండ కింది ఊరు ఇది. దూరం పెద్దగా లేదు. కానీ ఆ రోడ్డును రోడ్డనడానికి నోరు రాదు. సామాన్ల లారీ వెనక, కూరగాయల బస్తాల మీద కూర్చుని వచ్చాను. మధ్యలో టైరు దిగిపోతే దిగి నడిచాం. గుర్రాల మీద స్కూలు పిల్లలు మమ్మల్ని దాటుకుపోయారు. గడ్డి కప్పు గుండ్రటి ఇళ్లు, క్యాబేజీ మడులు, తెల్లటి యూకలిప్టస్ మానులు. ఫోన్లో సిగ్నల్ పోయింది. అమ్మకు ముందే చెప్పి ఉంచాను, శనివారం దాకా టెన్షన్ పడొద్దని. అయినా ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదని తర్వాత తెలిసింది.

శుక్రవారం, రామెలావు

దేశంలో ఎత్తైన కొండ, మూడు వేల మీటర్లకు కొంచెమే తక్కువ. పోర్చుగీసు వాళ్లు తమ సామ్రాజ్యం మొత్తంలో ఎత్తైన శిఖరం ఇదేనని బడిలో పిల్లలకు నేర్పేవాళ్లట. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం. ఊళ్లోంచి ఒక గైడ్, అతని చెల్లెలు, నేను. చీకట్లో తెలియని మగవాడితో ఒక్కదాన్నే వెళ్లనని ముందు రోజే ఇంటావిడతో చెప్పాను. ఆవిడ అందులో వింతేమీ లేనట్టు, ఆ పిల్లను పిలిచి మాట్లాడింది. ఈ మాట అడగడానికి మొహమాటపడే అమ్మాయిలకు చెప్తున్నా, అడగండి. ఎవరూ తప్పు పట్టుకోరు.

దారి మొదట్లో మెట్లు, తర్వాత మట్టి, తర్వాత గడ్డి మైదానం. చలి వేళ్లు కొరికేస్తోంది. గైడ్ చెల్లెలు తాయిస్‌ను భుజాల చుట్టూ తిప్పి కప్పుకుంది, నా స్వెటర్ కంటే అదే నయం. శిఖరం మీద మేరీమాత విగ్రహం, 1997లో ఇండోనేసియా సైన్యం ఇంకా దేశంలో ఉన్నప్పుడే పైకి మోసుకొచ్చి నిలిపారు. తూర్పు ఎర్రబడుతుంటే ఉత్తరాన ఒక సముద్రం, దక్షిణాన ఇంకో సముద్రం, మధ్యలో మబ్బుల్లో తేలే కొండలు కనిపించాయి. దేశమంతా ఒకే చూపులో పడింది. ఈ కొండల మధ్యే గెరిల్లాలు 24 ఏళ్లు నిలబడ్డారు. వాళ్లకు తిండి, మందులు, ఉత్తరాలు మోసింది ఊళ్లలోని ఆడవాళ్లు. గైడ్ చెల్లెలు తన అమ్మమ్మ కూడా మోసిందని చెప్పింది, బుట్టలో దుంపల కింద దాచి.

మంగళవారం, బౌకావు

దిలీ తిరిగొచ్చి రెండు రోజులు నిద్రపోయి, బెకోరా నుంచి తూర్పు బస్సు పట్టుకున్నాను. కొత్త రోడ్డు, ఎడమవైపు సముద్రం, మనతుతో దగ్గర వరిపొలాలు, ఉప్పు మడులు. బౌకావు దేశంలో రెండో పెద్ద ఊరు. పాత పోర్చుగీసు మార్కెట్ భవనం, ఊరి మధ్యలో ఊటనీళ్ల ఈత కొలను.

ఇక్కడే నేత చూశాను. వాకిట్లో చాప మీద కాళ్లు చాపి కూర్చుంది నేసే ఆవిడ. పడుగు ఒక కొస ఎదురుగా గుంజకు కట్టి ఉంది, రెండో కొస ఆమె నడుముకున్న తోలు పట్టీకి. మన పోచంపల్లి గుంట మగ్గంలో మనిషి లోపల దిగుతాడు, మగ్గం కదలదు. ఇక్కడ మనిషే మగ్గం. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు ఒంగితే వదులవుతుంది. నల్లటి గట్టి చెక్క కత్తితో పేకను టక్ మని కొడుతుంది. పోచంపల్లిలో పడుగుకీ పేకకీ రెంటికీ కట్లు కట్టి రంగులద్దే చీరలున్నాయి. తాయిస్‌లో పడుగుకే కడతారు, అదీ ఒకప్పుడు తాటాకు పీలికలతో. కట్టు విప్పాక అంచులు కొంచెం చెదిరి, రంగు పొగలా పాకడం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. నా బ్యాగులో ఉన్న పోచంపల్లి దుపట్టా తీసి పరిచాను. ఆమె దాన్ని తిరగేసి వెనక వైపు చూసింది. నేసేవాళ్లు ఎక్కడైనా ముందు వెనకే చూస్తారు. పేక మీద కూడా కట్టారని వేలితో గీసి చూపిస్తే, పక్కింటావిడను కేకేసింది. ఇంకో ఇద్దరు వచ్చారు. నలుగురూ ఆ దుపట్టాను వెలుతురుకు పెట్టి చూస్తూ మాట్లాడుకున్నారు, నన్ను పూర్తిగా మర్చిపోయి.

ఆడవాళ్లకు గొట్టంలా కుట్టినది, మగవాళ్లకు కుచ్చులతో వెడల్పాటిది, రెండు రకాల తాయిస్. పెళ్లిలో మగపెళ్లివారు గేదెలు ఇస్తే ఆడపెళ్లివారు తాయిస్‌లు, పందులు ఇస్తారు. ఇది కట్నానికి తలకిందులని సంబరపడక్కర్లేదు, పిల్లను కొనుక్కున్నామనే ధీమా కొందరు మగవాళ్లకు వస్తుందని ఇక్కడి ఆడవాళ్లే అంటారు. 2010లో గృహహింస నిరోధక చట్టం తెచ్చుకున్నారు. ఎన్నికల జాబితాలో ప్రతి ముగ్గురిలో ఒక మహిళ ఉండాలనేది కూడా చట్టమే.

రెండు నెలలు పట్టిందన్న తాయిస్‌ను ఆమె చెప్పిన ధరకే కొన్నాను. బేరం ఆడే మనసు రాలేదు. మర్నాడు పొద్దున బస్సు దాకా ఆమె కొడుకు సంచీ మోశాడు.

గురువారం, దిలీ

ఆఖరి రోజును బలిదే జైలు కోసం ఉంచుకున్నాను. పోర్చుగీసులు కట్టారు, ఇండోనేసియా వాడుకుంది. తర్వాత సత్యశోధన కమిషన్ ఇక్కడే పనిచేసింది, ఇప్పుడు షేగా (ఇక చాలు అని అర్థం) పేరుతో జాతీయ స్మారక కేంద్రం. కిటికీ లేని చీకటి గదులు అలాగే ఉంచారు, గోడల మీద ఖైదీలు గీసిన గీతలూ అలాగే. కమిషన్ 2005లో ఇచ్చిన నివేదిక లెక్క ప్రకారం ఆక్రమణ వల్ల తక్కువలో తక్కువ 1,02,800 మంది చనిపోయారు. అందులో ఎక్కువ భాగం ఆకలి, జబ్బులు. 2003లో ఆడవాళ్లు తమ మీద జరిగిన హింసను దేశమంతా వింటుండగా చెప్పుకున్నారు. అలా బయటికొచ్చి చెప్పినందుకు వాళ్లలో కొందరు సొంత ఊళ్లోనే మాటలు పడ్డారని గైడ్‌గా వచ్చిన అమ్మాయి చెప్పింది. తిమోర్ మహిళా సంఘం మొదటి కార్యదర్శి రోజా ముకి బొనపార్ట్ గురించి ఆమె చెప్పేటప్పుడు గొంతు గట్టిపడింది. 1975లో, ఆక్రమణ మొదలైన ఆ డిసెంబరులోనే ఆమెను చంపేశారు. ఆ అమ్మాయి ముకిని అక్కా అనే పిలుస్తోంది, నిన్న మొన్న పోయినట్టు.

బీచ్‌లు చూడ్డానికే వెళ్లే వాళ్లు కూడా ఈ జైలును మొదటి రోజే చూడాలని నా అభిప్రాయం. నేను చివర్న పెట్టుకున్నాను గానీ, ముందు చూస్తే శ్మశానంలో సమాధి తుడిచే అమ్మమ్మ, కొండ అవతల చేయి చూపిన పెద్దావిడ ఇంకొంచెం అర్థమవుతారు.

వెళ్లాలనుకునే అమ్మాయిలకు. దిలీ వదిలితే ఏటీఎంలు అరుదు, డాలర్లు చిన్న నోట్లుగా ఉంచుకోండి. బస్సులన్నీ తెల్లవారుజామునే, కాబట్టి పగటి వెలుతుర్లో చేరడం కష్టం కాదు. మోకాళ్లు కప్పే బట్టలు వేసుకుంటే ఊళ్లలో మాట కలపడం తేలిక. మలేరియా లేని దేశమని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది, డెంగీ మాత్రం ఉంది, దోమల క్రీము మర్చిపోవద్దు. ఇండోనేసియన్ భాషలో పాతిక మాటలు నేర్చుకుంటే చాలాచోట్ల పని జరుగుతుంది, ఇక్కడి సొంత భాష తేతుమ్‌లో పది నేర్చుకుంటే వంటింట్లోకి పిలుస్తారు. మే నుంచి అక్టోబరు లోపు వెళ్లండి. వానలు మొదలయ్యాక హతుబుయిలికో రోడ్డు మీద లారీలు కూడా ఆగిపోతాయి.